గవర్నర్‌కు ఓటు లేదు, ప్రశ్నకు చోటుంది



ధరలు తగ్గిస్తాం, భద్రత కల్పిస్తాం అంటూ అమెరికా రాష్ట్రాల్లో గవర్నర్ పదవికే పోటీ చేస్తారు. మన దగ్గర గవర్నర్‌కు ఓటు లేదు. ముసాయిదా రాజ్యాంగంలో ఎన్నిక ఆలోచన ఉండేది. 1949లో రాజ్యాంగ సభ దాన్ని వదిలి, రాష్ట్రపతి నియామకానికి మళ్లింది. బాబాసాహెబ్ కూడా సరేనన్నారు.

మన ఊరి సంగతే చూడండి. ముఖ్యమంత్రిగా ఉన్న రఘువర్ దాస్‌ను 2019లో జంషెడ్‌పూర్ తూర్పు ఓటర్లు ఓడించారు. 2023లో ఆయన ఒడిశా గవర్నర్ అయ్యారు. దానికి ఎవరి ఓటూ అక్కర్లేకపోయింది.

కాబట్టి మన ఓటు పనిచేసే చోటే అడుగుదాం. పోలీసు శాఖ రాష్ట్రం చేతిలో ఉంది. దాడి జరిగితే ప్రాథమిక విచారణ పేరుతో ఆపకుండా ఎఫ్‌ఐఆర్ రాయాలని అట్రాసిటీ చట్టానికి 2018లో తెచ్చిన సవరణ చెబుతోంది. కాంట్రాక్టు కూలీల కనీస వేతనం విషయంలోనూ రాష్ట్రానికి బాధ్యత ఉంది.

ఓటుకొచ్చిన ప్రతి అభ్యర్థినీ రెండే అడగండి: మా కేసు ఠాణాలో రాయిస్తావా? మా కూలి పప్పు, నూనె ధరలను అందుకుంటుందా? జవాబు చెప్పలేనివాడికి దండ వద్దు, ఓటూ వద్దు.

జై భీమ్.