ట్రాక్టరు ఇంజనుకు నూనె: ఎన్నిక, మార్పు



నాట్లు దగ్గర పడుచున్న ఈ రోజులలో విత్తనమును గురించియో ఎరువును గురించియో గాక ఇంజను ఆయిలును గురించి మాట్లాడుటకు కారణమున్నది. కాకతీయ కాలువకు నీరు వదలిన పిమ్మట ఊరంతయు ఒక్కసారే దమ్ముకు దిగును. ఆ కొద్ది రోజులలో ట్రాక్టరు నిలిచినచో కిరాయి పోవును, స్వంత పొలము వెనుకబడును, బ్యాంకు కిస్తు మాత్రము ఆగదు.

జగిత్యాల ప్రాంతమున నేనెరిగిన ఒక రైతునకు ఇదే జరిగినది. దమ్ము మధ్యలో ఇంజను టకటక కొట్టుకొని బిగిసిపోయినది. మెకానిక్కు చాంబరు విప్పగా తారువంటి మడ్డి బయటపడినది. క్రాంకు బేరింగులు అరిగిపోయినవి. ఆ రైతు అజాగ్రత్త మనిషి కాడు. మట్టము తగ్గినప్పుడెల్ల పైన పోయుచునే ఉండెను. కాని రెండు పంటలుగా పాత నూనెను దింపలేదు. తగ్గినది నింపుట వేరు, పాతది మార్చుట వేరు.

నూనె పని జారుడు కల్పించుట మాత్రమే యని అనుకొందుము. పిస్టను అడుగు నుండి వేడిని మోసికొని పోవునదియు, రింగుల సందులు మూసి వత్తిడి నిలుపునదియు, డీజిలు మండగా పుట్టు మసిని కడిగి తనలో కలుపుకొనునదియు ఆ నూనెయే. అందుచేత క్రొత్త నూనె కొద్ది గంటలలోనే నల్లబడును. దానికి భయపడ నక్కరలేదు. నూనెలో కలిపిన మందులు హరించి, మసిని మోయు శక్తి పోయిన తరువాతనే అపాయము. అది కంటికి కనబడదు, వ్రేళ్ళ మధ్య నలిపినను తెలియదు. అందుకే గంటల లెక్క పెట్టుకొనవలెను. అయితే నూనె పాలవలె తెల్లబడినచో నీరు చేరినదని, మట్టము తనంతట పెరిగినచో నీరో డీజిలో దిగుచున్నదని తెలిసికొని, ఇంజను నడపక మెకానిక్కునకు చూపుడు.

కొనునప్పుడు డబ్బా మీద రెండు గుర్తులు చూడవలెను. మొదటిది చిక్కదనము. మన ట్రాక్టర్లలో చాల వాటికి 15డబ్ల్యూ-40 చెప్పుదురు. మొదటి అంకె చలిలో నూనె ఎంత సులువుగా కదలునో తెలుపును. రెండవది ఇంజను కాగినప్పటి చిక్కదనము. ఆదిలాబాదు జిల్లాలో చలికాలపు కొన్ని ఉదయములందు ఉష్ణోగ్రత 5 డిగ్రీలకు దిగువకు పోవును. మే నెలలో అదే నేల 45 డిగ్రీల ఎండకు కాగును. ఈ రెండింటికిని ఆ ఒక్క నూనె చాలును. ఎండాకాలమని చిక్కని నూనె, చలియని పలుచని నూనె వెదక పనిలేదు.

రెండవ గుర్తు నాణ్యపు తరగతి. సి.ఎఫ్-4, సి.హెచ్-4, సి.ఐ-4 అని వ్రాసియుండును. సి అక్షరము డీజిలు ఇంజనులకు గుర్తు; ఈ మూడింటిలో చివరిది మేలైనది. ట్రాక్టరు పుస్తకములో చెప్పిన తరగతికి తక్కువది ఎన్నడును పోయరాదు. హైడ్రాలిక్కునకు, గేరు పెట్టెకు వాడు నూనె వేరు. దానిని ఇంజనులో పోయకుడు.

విడిగా కొలిచి అమ్ము నూనె చవుకగా దొరకును. వాడిన నూనెనే వడగట్టి, పాత డబ్బాలలో నింపి అమ్మువారున్నారు. సీలు చూచి, రసీదు తీసికొని కొనుడు. ఖాళీ డబ్బాకు కంత పొడిచి పారవేయుడు; లేనిచో మరల నిండి మీ ఊరికే రావచ్చును.

ఎప్పుడు మార్చవలెను? నేటి ట్రాక్టర్లలో చాల వాటికి 250 గంటలకు ఒకసారియని, క్రొత్త బండికి మొదటి మార్పు 50 గంటలకని పుస్తకములో ఉండును. పాత నమూనాలకు గడువు ఇంకను తక్కువ. రోజంతయు దమ్ము చేయు బండికి, రేగడి దుమ్ములో పత్తి చేలు దున్ను బండికి గడువు నిండువరకు ఆగక ముందే మార్చుట మేలు. నన్నడిగిన, దమ్ముకు ముందు ఒకసారి మార్చి దిగుడందును. గాలి ఫిల్టరు సరిగా లేనిచో ఎంత ఖరీదు నూనె పోసినను ఫలము లేదు. దుమ్ము నూనెలో చేరి ఆకురాయివలె పనిచేయును. నూనె గిన్నె గల ఫిల్టరయినచో ఆ గిన్నెను దుమ్ము రోజులలో ప్రతిదినము విప్పి చూడవలెను.

మార్చునపుడు ఇంజను కొంతసేపు నడిపి, ఆపి, వెచ్చగా ఉండగానే బిరడా విప్పవలెను. వెచ్చని నూనెతో మడ్డియు దిగిపోవును. చేయి కాలకుండ చూచుకొనుడు. ఫిల్టరును కూడ మార్చుడు. దాని రబ్బరు వాషరుకు కాస్త క్రొత్త నూనె రాసి చేతితోనే బిగించవలెను. సమతలముపై నిలిపి కొలత పుల్ల పై గీటు వరకే పోయుడు. ఎక్కువ పోసిన నురుగు పట్టి, సీళ్ళ వద్ద కారును. ఒక నిమిషము నడిపి ఆపి, పది నిమిషముల తరువాత మరల చూడుడు. మీటరు అంకెను, తేదీని ఫెండరు మీద రంగుతో వ్రాసికొనిన డ్రైవరు మారినను లెక్క తప్పదు.

దింపిన నూనెను గట్ల మీద, బావి దగ్గర పారబోయరాదు. భూమిలోనికి దిగి త్రాగునీటిలో కలియును. ఎడ్ల పుండ్లకు రాయుటయు హానియే. డబ్బాలో దాచి, అనుమతి గల సేకరణదారుకు ఇవ్వవలెను.

ట్రాక్టరుకు తెచ్చిన నూనె మిగిలినది, కారులో పోయవచ్చునా యని పలువురు అడుగుచుందురు. పోయవలదు. నేటి పెట్రోలు కార్లలో చాల వాటికి 5డబ్ల్యూ-30, 0డబ్ల్యూ-20 వంటి పలుచని నూనెలు కావలెను. 2020 ఏప్రిలు తరువాత వచ్చిన డీజిలు కార్లకు పొగ గొట్టపు వడపోత పూడిపోకుండ, బూడిద తక్కువగా మిగుల్చు నూనె కావలెను. మిగిలిన దానిని మూత బిగించి, నీడలో ఉంచి, ట్రాక్టరుకే వాడుకొనుడు.