తవుడుకు అమ్మిన బిడ్డలు

“మా తాతల కాలంలో ఈ బీపీలు, ఈ దిగుళ్లు ఎక్కడివి డాక్టరుగారూ?” అని అడగని పెద్దాయన గుంటూరులో నాకింతవరకు తారసపడలేదు. బీపీ అప్పుడూ ఉండే ఉంటుంది, కొలిచే మిషనే లేదు. దిగులైతే అప్పుడూ ఉందని గట్టిగానే చెబుతాను.

మీ ముత్తాతల పేర్లు తలుచుకోండి. పుల్లయ్య, పెంటయ్య, శ్రీకాకుళం వైపైతే తవుడు, తవిటమ్మ. పుట్టినవాళ్లు పుట్టినట్టే పోతుంటే, తర్వాతి బిడ్డను పుల్లాకుల మీద, అంటే ఎంగిలి విస్తళ్ల మీద పొర్లించేవారు. పెంటకుప్ప మీద పడుకోబెట్టి తీసేవారు. పొరుగింటావిడకు చేటెడు తవుడుకు అమ్మి మళ్లీ తెచ్చుకునేవారు. ఎవరికీ అక్కర్లేని బిడ్డనుకుని చావు పక్కకు పోతుందని ఆశ. పచ్చి బాలింత తన పసిగుడ్డును కుప్ప మీద పెట్టనిచ్చిందంటే, ఆ తల్లికి ఎన్ని రాత్రులు నిద్ర లేదో!

1832-33 నందన కరువులో ఈ జిల్లా అయిదు లక్షల జనాభాలో లక్షన్నరకు పైగా పోయారని అంచనా. పొలాలకు కృష్ణ నీళ్లిచ్చే బెజవాడ ఆనకట్ట 1855కు గానీ పూర్తికాలేదు. మశూచి దేశం వదిలింది 1975లో. ఈ సభలో ఆ మచ్చలున్న మొహాలు చూసినవాళ్లున్నారు.

మరి అప్పటి దిగులుకూ ఇప్పటి దిగులుకూ తేడా ఏమిటి? భయం పుడితే ఒంట్లో అడ్రినలిన్ విడుదలవుతుంది, గుండె వేగం పెరుగుతుంది, కండరాలు బిగుస్తాయి. పరుగెత్తడానికో కలబడడానికో చేసే సన్నాహం అది. అప్పట్లో మశూచి వస్తే, అమ్మవారు పోసిందని ఊరంతా కదిలేది, పోలేరమ్మకు అంబళ్లు కాచేవారు. రోగం తగ్గేది కాదు, కానీ భయపడేవాడు ఒంటరివాడు కాడు. ఇప్పుడు ఇంటి లోను వాయిదా, అమెరికాలో కొడుకు వీసా, రెండింటికీ పరుగెత్తేదెక్కడికి? ఏసీ గదిలో దుప్పటి కింద ఫోను వెలుగులో, పక్కన పడుకున్న భార్యకు కూడా తెలియకుండా గుండె దడదడలాడుతుంది. నా దగ్గరికొచ్చే కుర్రాళ్లలో ఈసీజీ బాగుందంటే నిరాశపడేవాళ్లున్నారు. పాపం, చూపించుకోవడానికి ఒక జబ్బయినా దొరకలేదని!

వాళ్లకు కరువు కథలు చెప్పి నోరు మూయించకండి తాతగారూ. తిండి ఉన్నంత మాత్రాన దడ అబద్ధం కాదు. వారాల తరబడి నిద్ర పట్టకపోతే మానసిక వైద్యుడికి చూపించాలి. అంతదాకా వెళ్లడానికి మొహమాటమైతే ప్రభుత్వ టెలీ మానస్ నంబరు 14416 ఉంది. డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడొచ్చు.