రాజయక్ష్మ రోగికి మంచమా, మందా?



ఈ వార్షిక మహాసభయందు వైద్యవిషయమును గూర్చి నాలుగు మాటలు చెప్పుమని కార్యదర్శిగారు నన్ను కోరిరి. నేను వైద్యుడను గాను. సంస్కృతము చదువుకొని, బడిపిల్లలకు పాఠములు చెప్పి విశ్రాంతి గైకొన్నవాడను. అయినను మన సంఘనిధి నుండి క్షయరోగుల నిమిత్తము దూరపు పట్టణమునందలి యొక ఆసుపత్రిలో కొన్ని మంచములను శాశ్వతముగా నేర్పాటు చేసి, వానికి దాతల పేరులు పెట్టవలెనను ప్రతిపాదన మీ ముందున్నది. ఉద్దేశము మిక్కిలి శ్లాఘ్యము. కాని యా ద్రవ్యమును వ్యయించుటకు ముందు మనము తెలిసికొనదగిన సంగతి యొకటి గలదు. అది 1956వ సంవత్సరమున చెన్నపట్టణమునందు ఆరంభమైన యొక పరీక్షకు సంబంధించినది.

క్షయ మనకు క్రొత్త వ్యాధి గాదు. చరకసంహిత దీనిని రాజయక్ష్మ యనినది. చంద్రుడు రోహిణియందలి పక్షపాతముచే దక్షుని కోపమునకు పాత్రుడై క్షీణించిన కథయు అందు గలదు. ఆ గ్రంథముననే సూత్రస్థానమునందు చికిత్సకు నాలుగు పాదములు చెప్పబడినవి: వైద్యుడు, ఔషధము, పరిచారకుడు, రోగి. ఒక్కొక్క పాదమునకు నాలుగేసి గుణములు. రోగికి ఉండవలసిన గుణములలో మొదటిది ధనము గాదు, దేహబలమును గాదు. స్మృతి, అనగా జ్ఞాపకము. రెండవది చెప్పినట్లు చేయుట. పరిచారకునికి ఉపచారము తెలియుట, దక్షత, రోగియందు అనురాగము, శుచిత్వము కావలెను. మంచమునకు నాలుగు కోళ్లున్నవి గాని, చికిత్స నాలుగు పాదములలో మంచము కానరాదు.

మన సీమకు ఈ వ్యాధితో గల సంబంధమును వేరుగ జెప్పనక్కరలేదు. మార్కాపురపు పలక నెరుగని బడి తెలుగుదేశమున నుండెడిది గాదు. ఎన్నియో యేండ్లు ఆ పలకల మీదనే నేను పిల్లలచేత అక్షరములు దిద్దించితిని. ఆ రాతిని త్రవ్వి, కోసి, నునుపు చేయువారి ఊపిరితో పాటు లోనికి బోవు సన్నని ధూళిలో సిలికా యను పదార్థము గలదు. అది ఏండ్ల తరబడి ఊపిరితిత్తులలో పేరుకొని వానిని గట్టిపరచును. సిలికోసిస్ అను ఆ వ్యాధికి నివారణ యేగాని నివృత్తి లేదు. అంతకంటె హెచ్చు కీడేమనగా, అట్టి ఊపిరితిత్తులలో క్షయక్రిమి సులభముగా నాటుకొనును. కావున పలకల పనివాని దగ్గును రాతిదుమ్ము దగ్గేలే యని త్రోసివేయరాదు. గళ్లను పరీక్ష చేయింపవలెను.

మందులు లేని కాలమున క్షయకు స్వచ్ఛవాయువు, విశ్రాంతి, పుష్టికరమైన ఆహారము, ఇవియే దిక్కు. అందులకే కొండగాలి గల చోట్ల శానటోరియములు వెలసినవి. మదనపల్లె చేరువ ఆరోగ్యవరము 1915లో అట్లు వెలసి, తెలుగువారిలో తరతరములకు ఆశాస్థానమైనది. తరువాత స్ట్రెప్టోమైసిన్ వచ్చినది. ఇంగ్లండునందు యుద్ధానంతరము ఆ మందు మిక్కిలి కొఱతగా నుండుటచే 107 మంది రోగులలో ఎవరికి మందో, ఎవరికి కేవలము విశ్రాంతియో వైద్యుల యిష్టమునకు విడువక యాదృచ్ఛికముగా నిర్ణయించి, ఫలితమును 1948లో ప్రకటించిరి. ఆరు మాసములలో మందు పుచ్చుకొన్న 55 మందిలో నలుగురు మరణింపగా, పుచ్చుకొనని 52 మందిలో 14 మంది మరణించిరి. మందు పనిచేయునని తేలినది. తరువాత ఐసోనియాజిడ్ వంటి చవుకైన మాత్రలు వచ్చినవి.

అంతట మన దేశమునకు ప్రశ్న యొకటి మిగిలినది. రోగులు లక్షల కొలది. మంచములు వేల కొలది. మంచము దొరకనివానికి ఇంటనే మందిచ్చిన గుణమగునా? ఇంటనున్న రోగి వలన ఆలుబిడ్డలకు రోగమంటదా? దీనిని తేల్చుటకే భారత వైద్యపరిశోధనా మండలి, చెన్నరాష్ట్ర ప్రభుత్వము, ప్రపంచారోగ్య సంస్థ, బ్రిటిషు వైద్యపరిశోధనా మండలి కలిసి 1956లో చెన్నపట్టణమున క్షయచికిత్సా పరిశోధన కేంద్రమును స్థాపించెను. వాలెస్ ఫాక్స్ అను వైద్యుడు దానికి తొలి నాయకుడు.

పట్టణపు పేదవాడల నుండి, గళ్లలో క్రిములున్నవారిని 193 మందిని తీసికొనిరి. రెండు జట్లు చేసిరి. ఒక జట్టువారు ఏడాది శానటోరియమున. రెండవ జట్టువారు ఏడాది తమ యిరుకు ఇండ్లలో. ఇద్దరికిని మందులొక్కటే: ఐసోనియాజిడ్, పి.ఏ.ఎస్. ఎవరు ఏ జట్టున చేరవలెనో వైద్యుడు నిర్ణయింపలేదు, రోగి కోరుకొనలేదు. యాదృచ్ఛిక విధానమే నిర్ణయించినది. ఇది యేల యందురా? ఒక పాఠశాలలో తెలివిగల పిల్లలనందఱ నొక తరగతిలో జేర్చి, పరీక్షలైన పిమ్మట ఆ తరగతి ఉపాధ్యాయుడే గొప్పవాడనుట న్యాయమగునా? వైద్యుడే యేరినచో దయగొని దుర్బలులను ఆసుపత్రికి పంపును. అప్పుడు తక్కెడ ముందే యొకవైపు మొగ్గును.

శానటోరియమువారికి మంచి భోజనము, విశ్రాంతి, గాలి, దాదుల పరిచర్య. ఇంటివారికి ఎప్పటి గంజియే, ఎప్పటి యిరుకే. వారిలో పలువురు పనిపాటలకును పోయిరి. శానటోరియమువారు బరువెక్కువ పెరిగిరి. కాని ఏడాది గడచిన పిమ్మట రోగము శాంతించినవారు ఇంటి జట్టులో నూటికి 86, శానటోరియము జట్టులో 92 మంది. ఈ స్వల్పభేదము కూడ నిలువలేదు. అయిదేండ్ల పిమ్మట జూడగా రెండు జట్లును నూటికి ఇంచుమించు 90 వద్ద సమముగా నిలిచినవి. ఇక ఇంటివారి సంగతి: ఇంట నుంచి చికిత్స చేసిన రోగుల కుటుంబములలో రోగము హెచ్చుగా వ్యాపింపలేదు. చికిత్స మొదలిడక పూర్వమే ఇంటివారికి ముప్పు మిక్కుటము. మందు పడిన పిదప అది వేగముగా తగ్గును. 1959లో ఈ ఫలితములు వెలువడగా శానటోరియముల యుగమునకు లోకమంతట అస్తమయ మారంభమైనది. ఇరుకిండ్లలోని మన దక్షిణాది బీదలు లోకమునకు నేర్పిన పాఠమిది.

ఇచ్చట నొక హెచ్చరిక. ఇంటి చికిత్స యనగా పొట్లము చేతికిచ్చి పొమ్మనుట యని పొరబడరాదు. ఆ రోగులు వారమునకొక పర్యాయము కేంద్రమునకు వచ్చి మందు గొనిపోయెడివారు. ఆరోగ్యసందర్శకులు వారి యిండ్లకు చెప్పకయే పోయి మాత్రలు లెక్కించెడివారు. మందు నిజముగా మ్రింగిరో లేదో మూత్రపరీక్షచే తెలిసికొనెడివారు. రానివారిని వెదకికొని పోయెడివారు. ఖర్చు మంచము మీదగాక మనుష్యుల మీద పెట్టబడినది. చరకుడు చెప్పిన పరిచారకుడు ఆసుపత్రి గోడలు దాటి వీధిలోనికి వచ్చినాడని నాకు తోచుచున్నది. మన గ్రామములలో నేడు ఆశా కార్యకర్త చేయుచున్న పని యిదియే. ఆమెకు మనము చేయు మర్యాద మాత్రము ఆ పనికి తగినట్లు లేదు.

అట్లైన భోజనముతో పనిలేదా యని మీరడుగుదురు. ఇదియు పరీక్షచేతనే తేలినది. ఝార్ఖండ్ రాష్ట్రమున 2019 నుండి 2022 వఱకు రోగుల యిండ్లలోని వారు పదివేల మందికి పైగా పాల్గొన్న పరీక్ష యొకటి జరిగినది. ఒక జట్టు కుటుంబములలో పెద్దలకు నెలకు 5 కిలోల బియ్యము, ఒకటిన్నర కిలో పప్పు, కొన్ని విటమిను మాత్రలు ఇచ్చిరి. 2023లో ప్రకటితమైన ఫలితమేమనగా, ఆ కుటుంబములలో క్రొత్తగా క్షయ సోకుట నూటికి 39 పాళ్లు తగ్గినది. ఇది చెన్నపట్టణపు పరీక్షకు విరుద్ధము గాదు. ప్రశ్నలు వేరు. ఉన్న రోగమును మాన్పునది మందు. రానున్న రోగమును ఇంటివారికి రానీయక యడ్డగించుటకు అన్నము తోడ్పడును. మిక్కిలి చిక్కిన రోగికిని అన్నము ప్రాణాధారమే.

నేడు సాధారణ క్షయకు ఆరు మాసముల మందు ప్రభుత్వమువారు ఉచితముగా నిచ్చుచున్నారు. పోషణకై 2018 నుండి నెలకు 500 రూపాయలిచ్చిరి. 2024 నవంబరు నుండి దానిని 1000 చేసిరి. ఆసుపత్రి అక్కరలేదని నేననను. రక్తము కక్కువానికి, ఊపిరాడనివానికి, లేవలేనంత నీరసించినవానికి మంచము కావలసినదే. అట్టివారి కొఱకే మంచములు ఖాళీగా నుండవలెను. కాని గిద్దలూరు ప్రక్క పల్లెనుండి కూలివానిని నెలల తరబడి దూరపట్టణమున నుంచినచో వాని కూలి పోవును, వెంట నుండువారి కూలియు పోవును; తుదకు సగము చికిత్సలో ఇల్లు చేరును. సగములో ఆపిన మందు క్రిమిని చంపక దానికి కసరత్తు నేర్పును. మందులకు లొంగని క్షయకు ఇదియొక ముఖ్యకారణము.

మఱియొక మాట. చెప్పుటకు కష్టముగ నున్నను చెప్పవలసియున్నది. మన సంఘము వధూవరుల పట్టికలు ప్రకటించుచున్నది. పెండ్లికెదిగిన పిల్లకు దగ్గు రెండు వారములు దాటినను, పేరు పడునని భయపడి తల్లిదండ్రులు గళ్లపరీక్షకు పంపరు. పిల్ల చిక్కి సగమైన పిదప పంపుదురు. ఈలోగా తమ్ములకు, చెల్లెండ్రకు అంటును. రోగమును దాచునది క్రిమి గాదు, మనమే. మందు ముగించి గుణమైన కన్యను గాని వరుని గాని రోగి యనుట శాస్త్రమునకు సరిపడదు.

కావున ప్రతిపాదనకు ఈ సవరణను సభవారి ముందుంచుచున్నాను. మంచములకని కూడిన నిధిలో ప్రథమభాగమును క్షయరోగుల యిండ్లకు ఆరు మాసములు బియ్యము, పప్పు పంపుటకు వినియోగింపవలెను. ఇందు కులభేదము పాటింపరాదు, క్రిమి పాటింపదు గనుక. రెండవభాగముతో పలకల పనివారికి ఏటేట ఎక్స్‌రే, గళ్లపరీక్ష చేయించుటకును, రాతికోతలో నీరు చల్లు సాధనములకును తోడ్పడవలెను. ప్రతి గ్రామమున మన యువకులలో నొకడు ఆశా కార్యకర్తకు సహాయుడై, మందు మానినవాని యింటికి మరునాడే పోవలెను. వధూవరుల పట్టికలో గుణమైన రోగమును గూర్చిన ప్రశ్న ఉండరాదు. దాతల పేరులు మంచములకు బదులు బియ్యపు సంచులపై అచ్చువేయుటకు నాకేమియు ఆక్షేపణ లేదు.