మొక్కల అక్వేరియం: లైటు చివర్లో కొనండి

పోయిన ఎపిసోడ్‌లో ట్యాంక్ సైజు, స్టాండ్ గురించి మాట్లాడుకున్నాం. ఇవాళ లైటు, అడుగున వేసే మట్టి. ఆ మట్టినే సబ్‌స్ట్రేట్ అంటారు. మొక్కల అక్వేరియంలో డబ్బులు ఎక్కువగా పోయేది ఈ రెండిటి మీదే. ఇవి కుదరకపోతే నెల తిరక్కుండానే అద్దాల నిండా పచ్చటి పాచి పట్టేస్తుంది. అది చూసి విసుగొచ్చి ట్యాంక్‌ని బాల్కనీలో బోర్లించేసినవాళ్లు చాలామందే ఉన్నారు.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లు మామూలుగా ముందు లైటు కొంటారు. షాపులో ఎరుపు, నీలం, తెలుపు కలిసి మెరుస్తుంటే ఎవరికైనా చెయ్యి అటే పోతుంది. తర్వాత మట్టి, ఆ తర్వాత మొక్కలు. ఇంట్లో వచ్చేవి బోరు నీళ్లా, మున్సిపాలిటీ నీళ్లా అన్నది చిట్టచివర గుర్తొస్తుంది. నేను దీన్ని తిరగేసి చెప్తా. ముందు నీళ్లు చూడండి. నీళ్లని బట్టి మొక్కలు, మొక్కల్ని బట్టి మట్టి, ఇవన్నీ తేలాక లైటు.

ఎందుకో చెప్తా. పదో తరగతి బయాలజీలో హైడ్రిల్లా ప్రయోగం గుర్తుందా? బీకరులో నీళ్లు, అందులో మొక్క, మొక్క మీద గరాటు, దాని మీద పరీక్షనాళిక. ఎండలో పెడితే బుడగలు వస్తాయి. ఆ నీళ్లలో చిటికెడు వంటసోడా వేస్తే బుడగలు ఇంకా పెరుగుతాయి. ఎండ అంతే ఉంది, మొక్క అదే. పెరిగింది మొక్కకి దొరికే కార్బన్ ఒక్కటే. బ్లాక్‌మన్ అనే శాస్త్రవేత్త 1905లో దీన్నే ఒక సూత్రంగా చెప్పాడు: మొక్కకి కావాల్సిన వాటిలో ఏది తక్కువుందో, దాని దగ్గరే పెరుగుదల ఆగిపోతుంది. నీళ్లు పెట్టని పొలంలో యూరియా ఎంత చల్లితే మాత్రం ఏం లాభం?

మన ట్యాంకుల్లో తక్కువగా ఉండేది దాదాపు ఎప్పుడూ సీఓటూనే. సిలిండర్‌తో గ్యాస్ ఎక్కించే ట్యాంకుల్లో లీటరుకి 30 మిల్లీగ్రాముల దగ్గర ఉంచుతారు. గ్యాస్ లేని ట్యాంకులో అందులో పదోవంతు ఉన్నా గొప్పే. అలాంటి చోట పెద్ద లైటు పెడితే ఆ వెలుతురుని మొక్క వాడుకోలేదు. పాచి మాత్రం బాగా వాడుకుంటుంది. ఇన్‌స్టాగ్రామ్‌లో మనం చూసి ముచ్చటపడే పచ్చిక తివాచీ ట్యాంకులున్నాయి కదా, ఆ శైలికి పేరు తెచ్చినాయన జపాన్‌కి చెందిన టకాషి అమానో. 2015లో చనిపోయారు. ఆ తరహా ట్యాంకుల్లో లైటు, గ్యాస్, ఎరువు మూడూ లెక్క ప్రకారం నడుస్తాయి. మనం ఫొటో చూసి లైటు ఒక్కటే కొనుక్కొస్తున్నాం.

సరే, నీళ్ల దగ్గరికి వద్దాం. మీ బకెట్ అంచున తెల్లటి పొర కడుతోందా? గీజర్ రాడ్ మీద సున్నంలా పేరుకుంటోందా? అయితే మీది హార్డ్ వాటర్. హైదరాబాద్ శివార్లలో బోరు మీద నడిచే అపార్ట్‌మెంట్లలో ఇది మామూలే. దీన్ని చూసి దిగులుపడక్కర్లేదు. హైడ్రిల్లా, వాలిస్నేరియా లాంటి మొక్కలు ఈ నీళ్లలో ఉండే బైకార్బొనేట్ నుంచి కూడా కార్బన్ లాక్కోగలవు. ఇందాకటి వంటసోడా కథే ఇది. గ్యాస్ లేకుండా, బోరు నీళ్లతో, రిబ్బన్లలా ఊగే వాలిస్నేరియా ట్యాంక్ చాలా అందంగా ఉంటుంది. పైగా ఇవి మన చెరువుల్లో, కాల్వల్లో పెరిగే జాతులే. ఊరినుంచి తెచ్చుకునేటట్టయితే మాత్రం వారం రోజులు వేరే బకెట్‌లో ఉంచి, రోజూ కడిగి చూడండి. తూనీగ పిల్లపురుగులు దాక్కుని వస్తాయి. చిన్న చేపల్ని పట్టుకు తినేస్తాయి అవి.

ఇప్పుడు మట్టి. అనుబియాస్, జావా ఫెర్న్ పెంచుతానంటే మట్టి గురించి అసలు ఆలోచించకండి. వాటిని కర్రకో రాయికో దారంతో కట్టేస్తే చాలు. లావుగా అడ్డంగా ఉండే కాండాన్ని మట్టిలో పూడిస్తే కుళ్లిపోతుంది కూడా. అదే అమెజాన్ స్వోర్డ్, క్రిప్టోకోరైన్ అనుకోండి, అవి వేళ్లతో బాగా తింటాయి. వాటికి కింద తిండి ఉండాలి.

షాపుల్లో ఆక్వాసాయిల్ అని నల్లటి గుండ్రటి గుళికలు అమ్ముతారు. వస్తువు మంచిదే, నేను కాదనను. పోషకాలుంటాయి, నీళ్ల పీహెచ్ తగ్గిస్తుంది. రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు ట్యాంకులో రెండంగుళాల మందాన వేయాలంటే సుమారు 9 లీటర్లు పడుతుంది. కానీ మీది హార్డ్ వాటర్ అయితే నీళ్లు మార్చిన ప్రతిసారీ ఆ గుళికలు నీళ్లతో పోట్లాడి అలిసిపోతాయి. పీహెచ్ తగ్గించే గుణం త్వరగా అయిపోతుంది. అంటే వేలు పోసి కొన్న లాభంలో సగం బోరు నీళ్లే తినేస్తాయి. మెత్తటి నీళ్లున్నవాళ్లు, గ్యాస్ కూడా పెట్టేవాళ్లు కొనుక్కోండి. మిగతావాళ్లకి నా సలహా మామూలు ఇసుక.

ఏ ఇసుక అంటారా? ఇంటి పని జరుగుతున్న చోట దొరికే నది ఇసుక చాలు. జల్లెడ పట్టి, మిల్లీమీటరు నుంచి రెండు మిల్లీమీటర్ల గింజలు తీసుకోండి. నీళ్లు తేటగా వచ్చేదాకా కడగండి. పదిసార్లు పట్టినా పట్టొచ్చు, ఓపిక ఉండాలి. రోబో శాండ్ వద్దు. దుమ్ము ఎక్కువ, గింజ అంచులు పదును. అడుగున తిరిగే కోరీ చేపల మీసాలు అరిగిపోతాయి. వైజాగ్ బీచ్ ఇసుక కూడా వద్దు, అందులో గవ్వల ముక్కలు, ఉప్పు.

ఏ రాయి, ఏ ఇసుక అయినా వేసేముందు ఈ పరీక్ష చెయ్యండి. ఇదిగో, ఈ గిన్నెలో రెండు రకాలు పెట్టా. వంటింట్లోని వెనిగర్ కొన్ని చుక్కలు వేస్తున్నా. ఇది నది ఇసుక, ఉలుకూ పలుకూ లేదు. ఇవి తెల్ల మార్బుల్ ముక్కలు, నురగ చూశారా? అందులో సున్నం ఉందని అర్థం. నీళ్లని ఇంకా హార్డ్ చేస్తుంది. నురగొస్తే పక్కన పెట్టేయండి.

ఇసుకలో తిండి ఉండదు కాబట్టి స్వోర్డ్, క్రిప్ట్ వేళ్ల దగ్గర రూట్ ట్యాబ్‌లు గుచ్చాలి. లేదా ఇంకో దారి ఉంది, నాకు బాగా ఇష్టమైన దారి. డయానా వాల్‌స్టాడ్ అనే అమెరికన్ రచయిత్రి 1999లో వచ్చిన తన పుస్తకంలో వివరించిన పద్ధతి. కింద అంగుళం మందాన మామూలు మట్టి, దాని మీద అంగుళం ఇసుక. అంతే. మన దగ్గర ఎర్రమట్టి దీనికి సరిపోతుంది, అందులో ఇనుము ఉంటుంది. నల్లరేగడి వద్దు, తడిస్తే ఉబ్బుతుంది, సున్నపు గడ్డలు కూడా ఉంటాయి. ఇంకో మాట, ఇది జాగ్రత్తగా వినండి. నర్సరీలో కలిపి అమ్మే కుండీ మట్టి అస్సలు వాడకండి. అందులో పశువుల ఎరువు, డీఏపీ, వేపపిండి కలిపే అవకాశం ఉంది. గులాబీకి వేపపిండి మంచిదే, చేపకి విషం.

మట్టి, ఇసుక కలిపి మరీ మందంగా వేయకండి. ముందువైపు రెండంగుళాలు, వెనక మూడు దాటకుండా. మందం ఎక్కువైతే అడుగున గాలి ఆడక కుళ్లిన గుడ్డు వాసనతో గ్యాస్ తయారవుతుంది. అప్పుడప్పుడూ సన్నటి పుల్లతో పొడుస్తూ ఉంటే సరిపోతుంది.

హమ్మయ్య, లైటు దగ్గరికి వచ్చాం. డబ్బా మీద వాట్లు చూడకండి, ల్యూమెన్లు చూడండి. గ్యాస్ లేని ట్యాంకుకి లీటరు నీళ్లకి 10 నుంచి 20 ల్యూమెన్లు చాలు. ఇది నాటు లెక్కే. అసలు మొక్క వాడుకునే వెలుతురుని పార్ అనే కొలతతో కొలుస్తారు, దాని మీటర్ ఖరీదు మన ట్యాంక్ కంటే ఎక్కువ. రెండడుగుల ట్యాంకులో, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు అయితే, మట్టి పోగా 50 లీటర్ల దాకా నీళ్లు పడతాయి. అంటే 1000 ల్యూమెన్లు. ఇంట్లో గోడకి పెట్టే రెండడుగుల 10 వాట్ల ఎల్‌ఈడీ బ్యాటెన్ దాదాపు అంతే ఇస్తుంది. 6500 కెల్విన్, అంటే కూల్ డే లైట్ అని రాసినది తీసుకోండి. అక్వేరియం పేరుతో అమ్మే లైటు కింద ఎర్ర మొక్కలు, చేపల రంగులు బాగా కనిపిస్తాయి, నిజమే. ఆ అందం మన కంటికి. మొక్కకి ఈ తెల్ల వెలుతురు సరిపోతుంది.

ఇంటి బ్యాటెన్ వాడితే ట్యాంక్ మీద గాజు మూత తప్పనిసరి. తడి చేత్తో ముట్టుకోవద్దు. వైరు ప్లగ్గు కంటే కిందికి ఓసారి వేలాడి మళ్లీ పైకి వెళ్లేలా పెట్టండి. నీటిచుక్క జారినా ఆ వంపు దగ్గరే రాలిపోతుంది, ప్లగ్గులోకి పోదు.

రోజుకి ఎంతసేపు? మొదటి నెల ఆరు గంటలు, తర్వాత ఎనిమిది. అంతకు మించొద్దు. ప్లగ్ టైమర్ కొని సాయంత్రం నాలుగు నుంచి పది దాకా పెట్టుకోండి, కాలేజీ నుంచో ఆఫీసు నుంచో వచ్చాక చూసుకోవచ్చు. కిటికీ ఎండ నేరుగా పడే చోట ట్యాంక్ పెడితే ఈ లెక్కలన్నీ తప్పుతాయి. పాచి మొదలైతే ముందు గంట తగ్గించండి, మందులు తర్వాత. క్రిప్ట్ కొత్త ట్యాంకులో ఆకులన్నీ రాల్చేసినా పీకేయకండి. వేరు బతికుంటే మళ్లీ చిగురేస్తుంది.

చివరగా చేపలు. కొత్త ఆక్వాసాయిల్ అయినా, ఎర్రమట్టి అయినా మొదట్లో నీళ్లలోకి అమ్మోనియా వదలొచ్చు. మన బోరు నీళ్ల పీహెచ్ ఎక్కువ, మన ఎండలు కూడా ఎక్కువ. ఈ రెండూ ఉన్నచోట అదే అమ్మోనియా చేపలకి ఇంకా ప్రమాదం. అందుకే మొక్కలు నాటిన రోజే చేపలు తేవద్దు. మూడు నాలుగు వారాలు ఆగండి, మధ్యలో నీళ్లు మారుస్తూ ఉండండి. టెస్ట్ కిట్‌లో అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నా చూపించాకే చేపల కవర్ ఇంటికి రావాలి. ఆ కిట్ దేన్ని ఎలా కొలుస్తుందో, రంగులు ఎలా చదవాలో వచ్చే ఎపిసోడ్‌లో చేసి చూపిస్తా. ఉంటా మరి.