ఉప్పెనకు ముందు యాభై ఏళ్ళు



ఇది మా మాస్టారి పేరు మీద జరిగే ఉపన్యాసం. రెవెన్యూ రికార్డు చదవడం మా తరానికి నేర్పింది ఆయనే. శిస్తు ఎంత వసూలైందో చూసి కాగితం పక్కన పెట్టేస్తే చరిత్ర రాదనీ, శిస్తు మాఫీ చేసిన ఏడు ఎందుకు మాఫీ చేశారో వెతకమనీ చెప్పేవారు. ఆ ఏళ్ళనే వరసగా పేర్చుకుంటూ పోతే కరువులు, వరదలు, ఉప్పెనలు బయటపడ్డాయి. వాటి వెంట, ప్రతిసారీ దెబ్బతిన్నవాళ్ళ ఇళ్ళు ఎక్కడున్నాయన్న ప్రశ్న కూడా వచ్చింది. నేను ఇవాళ చెప్పదలచుకున్నదంతా ఆ ప్రశ్న చుట్టూ తిరుగుతుంది. తుపాను బంగాళాఖాతంలో పుడుతుంది. అందులో ఎవరు కొట్టుకుపోతారన్నది మాత్రం ఒడ్డున, అంతకు ఒకటి రెండు తరాల ముందు నుంచే నిర్ణయమవుతూ వస్తుంది.

డచ్చివారి, ఇంగ్లీషువారి, ఫ్రెంచివారి రేవుల కథ మీకు తెలిసిందే. నందన నామ సంవత్సరపు కరువు, ఇంజనీరు కాటన్, 1852లో ధవళేశ్వరం ఆనకట్ట, 1855లో బెజవాడ ఆనకట్ట కూడా తెలిసినవే. వాటి జోలికి పోను. కానీ 1839 దగ్గర కాసేపు ఆగాలి, ఎందుకంటే అక్కడ నాకొక పాత తగాదా ఉంది.

ఆ ఏడు నవంబరులో కోరంగి రేవును ఉప్పెన ముంచింది. ప్రపంచ విపత్తుల పట్టిక ఏది తీసినా, కోరంగి పేరు పక్కన మూడు లక్షల మంది మృతులని ఉంటుంది. మన పాఠ్యగ్రంథాల్లోనూ, వ్యాసాల్లోనూ అదే అంకె. ఈ మాట రాసిన మిత్రులను సభల్లో నేను ఎన్నోసార్లు అడిగాను, ఆ మూడు లక్షల మంది ఎక్కడి నుంచి వచ్చారని. 1844లో హెన్రీ మాంట్‌గోమరీ, కోరంగి ఉన్న రాజమండ్రి జిల్లా మీద ఇచ్చిన నివేదిక తీయండి. 1820లలో ఏడు లక్షల పైచిలుకున్న జిల్లా జనం 1840ల నాటికి అయిదున్నర లక్షల దరిదాపులకు పడిపోయింది. మొత్తం తరుగు రెండు లక్షల లోపే. అందులో నందన కరువు చావులున్నాయి, పొట్ట చేతపట్టుకుని వలస పోయినవాళ్ళున్నారు. జిల్లా అంతటా ఇరవై ఏళ్ళలో రెండు లక్షలు కూడా తగ్గని చోట ఒక్క రేవులో ఒక్క రోజున మూడు లక్షల మంది ఎలా చనిపోతారు? ఇదే మూడు లక్షల అంకె 1737 కలకత్తా విపత్తు పక్కన కూడా ఉంటుంది. ఆనాటి కలకత్తా జనాభాతో పోల్చి అది నిలవదని భూకంప శాస్త్రవేత్త రోజర్ బిల్హామ్ 1994లోనే చూపించాడు. అయినా మన వాళ్ళు కోరంగి అంకెను వదలరు. అంకె తగ్గిస్తే చనిపోయినవాళ్ళను చిన్నబుచ్చినట్టని ఒకాయన నా మీద కోపగించుకున్నారు కూడా.

నేను ఒప్పుకోను. చనిపోయినవాళ్ళకు గౌరవం నిజమైన లెక్కలో ఉంది. ఈ పట్టుదల వెనక ఇంకొక నష్టమూ ఉంది. చావులు అంత పెద్దవంటే అల అంత పెద్దదనుకుంటాం. అల అంత పెద్దదంటే మనిషి చేయగలిగింది ఏమీ లేదనుకుంటాం. ఇక ఆ రేవులో ఓడలు కట్టే వడ్రంగులు, కళాసీలు, ఉప్పు మోసే కూలీలు ఏ నేలమీద ఇళ్ళు వేసుకున్నారో అడిగే అవసరమే రాదు. 1789లోనూ సముద్రం అదే కోరంగి మీదికి వచ్చింది. సైక్లోన్ అనే పేరు పెట్టిన పిడింగ్టన్ 1848లో ఆ సంగతి రాశాడు కూడా. యాభై ఏళ్ళ తేడాతో ఒకే చోట రెండుసార్లు ఊరు మునిగిందంటే, మొదటిసారి తర్వాత మళ్ళీ అక్కడికే జనాన్ని రప్పించినదేదో ఉండాలి. రేవు పని, కూలి డబ్బు, రేవుకు దగ్గరగా ఉండక తప్పని బతుకు. ఈ తగాదా మీద ఎక్కువసేపు తీసుకున్నాను, కానీ ఇది తేలకపోతే ముందుకు చెప్పేది నిలవదు.

1864 నవంబరు 1 రాత్రి బందరు ఉప్పెన. గార్డన్ మెకంజీ 1883 నాటి కృష్ణా జిల్లా మాన్యువల్‌లో దాన్ని వివరంగా రాశాడు. సుమారు ముప్పై వేల మంది పోయారు, ఉప్పునీరు ఎన్నో మైళ్ళు లోపలికి వచ్చింది. బందరు ఉప్పెన గురించి రాసినవాళ్ళు ఎక్కువగా ఆ రాత్రితో ఆగిపోతారు. నా పరిశోధన ఆ తెల్లవారి నుంచి మొదలవుతుంది.

బెజవాడ ఆనకట్ట వచ్చాక కృష్ణా డెల్టాలో నేల విలువ పెరిగింది. మీరు కృష్ణా దిగువన ఒడ్డు గ్రామం సెటిల్‌మెంట్ రిజిస్టరు ఏదైనా తీసి, గ్రామ పటం పక్కన పెట్టుకుని చూడండి. పటంలో ఒకప్పటి సముద్రపు ఒడ్డులు మెరక దిబ్బలుగా సన్నగా, సమాంతరంగా కనిపిస్తాయి. ఆ దిబ్బ మీద గుడి, చెరువు, కరణం ఇల్లు, పెద్ద రైతుల లోగిళ్ళు. దిబ్బ దిగితే మాగాణి. మాగాణి చివర, మురుగు కాలువ గట్టున, గూడెం. ఇంకా కిందికి పోతే ఉప్పు పర్ర. ఆ పర్ర దాటి మొగ దగ్గర పల్లెపాలెం. పర్ర సర్వే నంబర్ల ఎదురుగా పోరంబోకు అనో, సాగుకు పనికిరానిదనో రాసి ఉంటుంది. గుడి నుంచి పల్లెపాలెం దాకా నడిచి వెళ్ళేవాడికి ఆ పల్లం కళ్ళకు తెలియదు, నేల అంత సమంగా ఉంటుంది. మనిషి ఎత్తు తేడా అంతే. ఉప్పెన రోజున ఆ మనిషి ఎత్తే ప్రాణం.

ఈ పటం ఒకనాడు గీసింది కాదు. కాలువ నీరు అందిన ప్రతి ఎకరాకూ నాట్లకు, కోతలకు మనుషులు కావాలి. కూలీలు దగ్గరలో ఉండాలి, కానీ మాగాణిలో ఇల్లు వేసుకోవడానికి సెంటు కూడా ఎవరూ ఇవ్వరు. కాబట్టి గుడిసె గట్టు మీదికి పోయింది, గట్టు నిండితే పర్రలోకి పోయింది. 1900ల తొలి దశకంలో దివిసీమకు డీజిల్ ఇంజన్లతో కృష్ణ నీరు ఎత్తిపోయడం మొదలయ్యాక సాగు ఇంకా కిందికి జరిగింది. సాగు వెంట కూలి కూడా జరిగాడు. కొత్త పొలాల కోసం, వంట చెరుకు కోసం మడ చెట్లు కొట్టారు. స్వాతంత్ర్యం వచ్చాక ప్రభుత్వం భూమిలేని వాళ్ళకు డి పట్టాలు ఇచ్చింది. ఇచ్చినవాళ్ళ ఉద్దేశం మంచిదే. కానీ పంచడానికి సర్కారు చేతిలో మిగిలింది ఆ ఉప్పు నేలే. డెల్టా సంపద పెరిగినకొద్దీ దాన్ని పండించేవాళ్ళు సముద్రానికి దగ్గరయ్యారు. నేను ఇన్నేళ్ళు రికార్డుల్లో చూసింది ఒక్క మాటలో చెప్పాలంటే ఇదే.

నీళ్ళు పోయే దారి సంగతి కూడా ఉంది. కాలువ గట్లు, రోడ్లు, కరకట్టలు అడ్డదిడ్డంగా పెరిగాయి, మురుగు కాలువలు పూడిపోయాయి. 1960లలో ఈ మురుగు సమస్య మీద మిత్రా కమిటీ వచ్చింది, 1968లో డ్రైనేజీ సెస్సు చట్టం కూడా చేశారు. సెస్సు కట్టిన రైతులు ఈ సభలో ఉన్నారు, పూడిక సంగతి వారికే ఎక్కువ తెలుసు.

 తుపాన్ల సంగతికి వస్తే, 1969 ఒక్కటి చెప్పక తప్పదు. ఆ ఏడాది మే తుపాను తర్వాత భారత ప్రభుత్వం ఆంధ్రప్రదేశ్ కోసం తుపాను నష్ట నివారణ కమిటీని వేసింది. అధ్యక్షుడు మన తెలుగువాడే, వాతావరణ శాఖ అధిపతి పి. కోటేశ్వరం. 1971 కల్లా నివేదిక వచ్చింది. ఒడ్డు ఊళ్ళకు తుపాను రక్షణ భవనాలు, రోడ్లు, వార్తా సౌకర్యాలు, సరుగుడు తోటలు, అన్నీ అందులో ఉన్నాయి. ఒడ్డు పల్లెలకు అవి చేరకముందే 1977 ఉప్పెన వచ్చింది.

నవంబరు 19. వారం ముందే, 12న, నాగపట్నం దగ్గర ఒక తుపాను తీరం దాటింది, అందరి దృష్టీ దక్షిణాన ఉంది. రెండోది చీరాల దగ్గర తీరం దాటింది. తుపాను కేంద్రానికి కుడివైపున గాలి సముద్రాన్ని నేల మీదికి తోస్తుంది, ఎడమవైపున నేల నుంచి సముద్రానికి తోస్తుంది. దివిసీమ కుడివైపున పడింది. అక్కడ సముద్రం లోతు తక్కువ కాబట్టి తోసిన నీటికి కిందికి పోయే దారి లేక పైకి లేచింది. కొన్ని చోట్ల అయిదు మీటర్లు లేచిందంటారు. సొర్లగొంది, పాలకాయతిప్ప, హంసలదీవి, నాలి ఊళ్ళను ముంచింది. ఈ పేర్లు మీకు నేను పరిచయం చేయనక్కరలేదు. మృతుల మీద సర్కారు లెక్క పదివేల దగ్గర ఆగింది. దివిసీమ నాయకుడు మండలి వెంకట కృష్ణారావు గారు ఆ రోజుల్లో చేసిన సేవ ఈ ప్రాంతం మరవలేదు.

ఆ తర్వాత పదేళ్ళకు పైగా పీటర్ వించెస్టర్ అనే పరిశోధకుడు కృష్ణా డెల్టాలో ఎవరు కోలుకున్నారు, ఎవరు కోలుకోలేదు అని పరిశీలించి 1992లో పుస్తకం అచ్చు వేశాడు. 1994లో వచ్చిన ‘ఎట్ రిస్క్’ గ్రంథకర్తలు ఆయన పని ఆధారంగా వంద మీటర్ల దూరంలో ఉన్న రెండు కుటుంబాల చిత్రం ఇచ్చారు. ఒకరిది ఇటుకల ఇల్లు, మంచి మాగాణి, ధాన్యం వ్యాపారం, ఒక ట్రక్కు. రెండోవారిది పాక, ఒక ఎద్దు, ఒక దూడ, అర ఎకరం మెట్ట, కొంచెం కౌలు. రేడియోలో హెచ్చరిక విన్న మొదటి ఇంటివారు విలువైనవి ట్రక్కులో వేసుకుని వెళ్ళిపోయారు. రెండో ఇంట చిన్న బిడ్డ నీళ్ళలో పోయింది, పశువులు పోయాయి, పాక పోయింది. తర్వాత మొదటివారు దాచుకున్న డబ్బుతో ఇల్లు బాగుచేసుకున్నారు, రెండోవారు అప్పు చేశారు. ఈ పేజీ చదివిన రాత్రి నేను నా గ్రామ పటాలు మళ్ళీ తీశాను. వంద మీటర్లంటే పటంలో దిబ్బకూ గట్టుకూ మధ్య దూరం. వించెస్టర్ చూసిన దూరాన్ని కొలిచి పెట్టింది నూరేళ్ళ శిస్తు రికార్డు.

రేడియో ఉన్నా ట్రక్కు లేకపోతే ఏం చేస్తారు? ఇల్లు వదిలితే ఉన్న నాలుగు సామాన్లు, మేకలు ఎవరు చూస్తారు? వెళ్ళమన్నా వెళ్ళరని మూఢత్వం అంటగట్టే మిత్రులు ఈ లెక్క చూడాలి. పాకలో ఉన్నదే ఆ ఇంటి ఆస్తి మొత్తం.

అధ్యక్షుల వారు సమయం గుర్తు చేస్తున్నారు. మిగిలింది త్వరగా చెబుతాను.

1977 తర్వాత రక్షణ భవనాలు వచ్చాయి, సరుగుడు తోటలు నాటారు, కోరంగి మడ అడవులు 1978లో అభయారణ్యమయ్యాయి. ఫలితం 1990 మేలో కనిపించింది. కృష్ణా ముఖద్వారాల దగ్గరికే పెద్ద తుపాను వచ్చినా లక్షల మందిని తరలించగలిగారు, చావులు వెయ్యి లోపు ఆగాయి. ప్రభుత్వ యంత్రాంగానికి ఆ గౌరవం దక్కాలి. 1996 నవంబరు కోనసీమ తుపానులో మళ్ళీ తేడా వచ్చింది, పడవల్లో ఉన్నవాళ్ళకు ఆ తరలింపు అందలేదు. 1999 ఒడిశా తుపాను మీద దాస్, విన్సెంట్ 2009లో అచ్చు వేసిన పరిశోధన, ఊరికీ సముద్రానికీ మధ్య మడ ఎక్కువున్న చోట చావులు తక్కువని చూపించింది. కానీ అదే 1990లలో మన ఒడ్డున రొయ్యల చెరువులు తవ్వుతున్నారు. 1991 తీర నియంత్రణ నోటిఫికేషన్, 1996 సుప్రీంకోర్టు తీర్పు వచ్చినా పొక్లెయిన్ ఆగలేదు. ఎగువన రిజర్వాయర్లు కట్టాక ఒండ్రు రావడం తగ్గి డెల్టా ఒడ్డు కోతకు గురవుతోంది. ఉప్పాడ వెళ్ళి చూడండి. 2014 హుద్‌హుద్ తుపాను విశాఖ నగరం మీదికే వచ్చింది. 2024 సెప్టెంబరులో సముద్రం అవసరం కూడా లేకపోయింది. బుడమేరుకు గండ్లు పడి విజయవాడలో సింగ్‌నగర్ మునిగింది, ప్రకాశం బ్యారేజీ దగ్గర 11 లక్షల క్యూసెక్కులు దాటాయి. బుడమేరు పల్లంలో అద్దె తక్కువ కాబట్టే ఆ ఇళ్ళు నిండాయి. దివిసీమ గట్టు మీద గుడిసె వేసుకున్నవాడికీ వీరికీ కారణం ఒకటే. ఇది విడిగా ఒక ఉపన్యాసం కావాలి.

చివరిగా, ఇక్కడున్న రెవెన్యూ అధికారులకు ఒక విన్నపం. నవంబరు అంటే తుపాన్ల నెల, కోతల నెల కూడా. కోతలకు పై ఊళ్ళ నుంచి వచ్చే కూలీల పేర్లు ఒడ్డు గ్రామాల జాబితాల్లో ఉండవు, రేషన్ కార్డు వేరే ఊళ్ళో ఉంటుంది. 1977 మృతుల లెక్క మీద నా అనుమానమంతా వీరి గురించే. ఏ గ్రామంలో ఎంతమంది దిగారో, ఏ పొలం పక్కన పాక వేసుకున్నారో అక్టోబరులోనే మీ సిబ్బందితో రాయించండి. తరలింపు బస్సుల లెక్క ఆ జాబితాతో కలిపి వేయండి. జాబితా నమూనా ఎలా ఉండాలో రాసి తెచ్చాను, సభ అయ్యాక ఇస్తాను.