లండన్‌లో ఒకరోజు తీరిక దొరికితే

(పై చదువుల కోసం లండన్ వెళ్తున్న దళిత విద్యార్థులను సాగనంపే సభలో, సికింద్రాబాద్‌లో ఒక ఉపాధ్యాయుడు చేసిన ప్రసంగ పాఠం)



ముందు వరసలో కూర్చున్న పిల్లలు కొద్దిరోజుల్లో లండన్ పోతున్నారు. వెనక వరసల్లో వాళ్ల అమ్మానాన్నలున్నారు. కూలి చేసినోళ్లు, చెప్పులు కుట్టినోళ్లు, డప్పు కొట్టినోళ్లు. చదువు సంగతి పిల్లలకు నేను చెప్పక్కర్లేదు. నేను చెప్పేది తీరిక రోజు సంగతి. ఎప్పుడో ఒకరోజు మీరు ఊరు చూడ్డానికి బయల్దేరతారు. ఆ రోజు ఏం చూడాలి? ఎట్లా చూడాలి?

'షిక్కారు గురించి కూడా ఉపన్యాసమా సారూ' అని నవ్వకండి. నిశ్చింతగా తిరిగి నాలుగు చోట్లు చూడ్డం ఈ దేశంలో మనకు ఎవరూ ఊరికే ఇవ్వలేదు.

1934లో బాబాసాహెబ్ అంబేద్కర్, ఉద్యమంలో ఉన్న ఓ ముప్పై మంది కలిసి వెరూళ్ గుహలు చూద్దామని బయల్దేరారు. దారిలో దౌలతాబాద్ కోట. అప్పుడది మన నిజాం రాజ్యంలోనిదే. ప్రయాణపు దుమ్ము కడుక్కుందామని కోట వాకిట్లో ఉన్న చెరువులో ముఖం, కాళ్లు కడుక్కున్నారు. అంతే! 'అంటరానోళ్లు చెరువు మైల చేశారు' అని ఒక ముసలాయన అరుచుకుంటూ వచ్చాడు. జనం పోగయ్యారు. చివరికి ఒక సిపాయిని వెంట పంపి కోట చూడనిచ్చారు. ఆ సిపాయి ఎందుకు? లోపల ఎక్కడా వీళ్లు నీళ్లు ముట్టకుండా కాపలా! అప్పటికే ఆయన రెండు డాక్టరేట్లు పొందిన మనిషి, బారిస్టరు. అడ్డుకున్నది ముస్లింలు. కులం ఏ మతం గడపైనా దాటుతుందని బాబాసాహెబ్ ఈ సంగతి రాసిపెట్టారు. రాసిన పుస్తకం పేరు 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా'. పేరు చూడండి. సొంత దేశంలో తిరగడానికి వీసా కోసం ఎదురుచూపు!

అది పాతకాలం అంటారా? 1985లో కారంచేడు గొడవ ఎక్కడ మొదలైంది? మంచినీళ్ల చెరువు దగ్గర. 1991లో చుండూరు గొడవ? సినిమా హాల్లో, కాలు తగిలిందని. నీళ్లు ముట్టినా నేరమే, సినిమా చూసినా నేరమే.

ఇప్పుడు లండన్ సంగతి. బాబాసాహెబ్ 1913లో, 22 ఏళ్ల వయసులో న్యూయార్క్ వెళ్లారు. 1916లో లండన్ చేరారు. 1917లో తిరిగొచ్చి బరోడాలో ఉద్యోగంలో చేరితే ఉండటానికి గది ఇచ్చినవాడు లేడు. పార్శీ పేరు పెట్టుకుని ఒక పార్శీ సత్రంలో దిగితే 11వ రోజున కర్రలతో వచ్చి వెళ్లగొట్టారు. పార్కులో కూర్చుని ఏడ్చారు. విదేశాల్లో ఉన్న ఆ కాలంలో తాను అంటరానివాణ్ణన్న సంగతే మనసులోంచి చెరిగిపోయిందని ఆయనే రాశారు. అందుకే ఆ ఊళ్లు ఆయనకు ఎంత చదువు నేర్పాయో, మనిషిలా నడవడం ఎట్లా ఉంటుందో కూడా అంతే నేర్పాయి.

కాబట్టి పిల్లలూ, ఆ రోజు పొద్దున్నే బ్రిటిష్ మ్యూజియంకు పోండి. లోపలికి పోవడానికి టికెట్టు లేదు. అక్కడ గుండ్రటి గోపురం కింద 1857లో తెరిచిన రీడింగ్ రూం ఉంది. కార్ల్ మార్క్స్ అక్కడే చదివాడు. బాబాసాహెబ్ 1920 తర్వాత మళ్లీ లండన్ వచ్చినప్పుడు అక్కడే చదివారు. తలుపు తీసే వేళకు వచ్చి, మూసేదాకా కూర్చునేవారట. కడుపు కాల్చుకుని చదివిన చదువు అది.

అదే మ్యూజియంలో మన అమరావతి స్థూపం రాళ్లున్నాయి. 1797లో మెకంజీ దొర ఆ దిబ్బను చూశాడు. 1845లో వాల్టర్ ఇలియట్ తవ్వించి రాళ్లను మద్రాసు చేర్చాడు. 1859లో అవి ఓడెక్కాయి. వాటి ముందు కాసేపు నిలబడండి. ఖాళీ సింహాసనానికి, పాదాల గుర్తులకు, ధర్మచక్రానికి జనం మొక్కుతుంటారు. 1956లో బాబాసాహెబ్ తిరిగి వెళ్లిన బౌద్ధం అది. తెల్లదొర పట్టుకుపోయాడని కోపం రావాలి, వస్తుంది. కానీ మెకంజీ రాకముందే అక్కడి జమీందారు కట్టడాల కోసం ఆ రాళ్లు పీకించాడు. అంత గొప్ప స్థూపం మట్టిదిబ్బ ఎట్లా అయింది, ఎవరు కానిచ్చారు? ఆ ప్రశ్న కూడా అక్కడే వేసుకోండి.

అక్కణ్ణుంచి నడిచిపోయేంత దూరంలోనే గ్రేస్ ఇన్ ఉంది. బాబాసాహెబ్ బారిస్టరు చదివిన చోటు. 2021లో అక్కడ ఒక గదికి ఆయన పేరు పెట్టారు. ఇంకో పక్క లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్. రూపాయి సమస్య మీద సిద్ధాంతం రాసి 1923లో డాక్టరేట్ పొందింది అక్కడే.

సాయంత్రం చాక్ ఫామ్ స్టేషన్‌లో దిగి కింగ్ హెన్రీస్ రోడ్డు, 10వ నంబరు ఇంటికి పోండి. 1921-22లో ఆయన ఉన్న ఇల్లు. మహారాష్ట్ర ప్రభుత్వం 2015లో కొన్నది. ఇరుగుపొరుగు అభ్యంతరం చెప్పారు. మ్యూజియంగా ఉంచడానికి అక్కడి కౌన్సిల్ ఒప్పుకోలేదు. అప్పీలు చేస్తే 2020లో గానీ అనుమతి రాలేదు. ఇల్లు కొన్నాక కూడా తగాదా తప్పలేదు!

అట్లని లండన్ స్వర్గమని చెప్పను. మనవాళ్లతో పాటు కులం కూడా విమానం ఎక్కింది. 'ఇంటిపేరేంటి? ఏ ఊరు? మీ నాన్న ఏం చేస్తాడు?' అని గదిలో వాటాదారుడే ఆరా తీస్తాడు. బ్రిటన్‌లో కులవివక్షను చట్టంలో చేరుస్తామని 2013లో పార్లమెంటు నిర్ణయించింది. 2018లో అక్కడి ప్రభుత్వం చేర్చబోమని వెనక్కి పోయింది. అమెరికాలో సియాటిల్ నగరం మాత్రం 2023లో కులవివక్షను నిషేధించింది. అక్కడ కొట్లాడింది మీలాంటి పిల్లలే. అందుకే పేరు మార్చుకోవద్దు, ఊరు దాచొద్దు. బరోడాలో బాబాసాహెబ్‌కు మారుపేరు 11 రోజులు కూడా పూర్తిగా నీడనివ్వలేదు.

పెద్దలకూ ఒక మాట. ఈ సికింద్రాబాద్ 1806లో నిజాం సికిందర్ జా పేరు మీద వెలిసిన దండు ఊరు. వెట్టి పడలేక మన తాతలు ఇక్కడికి దండులో పనికి, తర్వాత రైల్వే పనికి వచ్చారు. వాళ్లకు ఇదే పరదేశం. ఇక్కడ తలెత్తి నడవడం నేర్చుకున్నారు. ఈశ్వరీబాయి లాంటి నాయకురాలు పుట్టింది ఈ ఊళ్లోనే. ఇవాళ పిల్లలు ఇంకొంచెం దూరం పోతున్నారు, అంతే.

పిల్లలూ, ఆ రోజు చూసినవన్నీ ఇంటికి ఉత్తరం రాయండి. ఫోన్లో ఫొటోలు పంపితే చాలదు. మీ అమ్మకు చదివి వినిపించేలా రాయండి. సెలవుల్లో వచ్చినప్పుడు మన ఊరు కూడా అట్లాగే తిరిగి చూడండి. చెరువుగట్టు, హోటలు, గుడిముందు అరుగు. ఎక్కడ ఆపుతారో, ఎవరు ఆపుతారో రాసుకుని మా దగ్గరికి రండి. పదిమందిమి కలిసి పోదాం. కావలి సిపాయి లేకుండా చూసొద్దాం.

జై భీమ్!