పట్టు పురుగుల షెడ్డులో తేమ: నేను చేసిన తప్పు

 

మహదేవ్‌పూర్ దసలి పట్టు పురుగులు బయట మద్ది చెట్ల మీదే పెరుగుతాయి. షెడ్డులో పెంచే మల్బరీ పురుగులకైతే గాలి, తేమ అన్నీ మన చేతుల్లోనే.

బీటెక్ చదివినోణ్ని కదా! జనగామలో మా మామ షెడ్డుకు సెన్సర్ పెట్టి, ఫాగర్‌ను 90 శాతానికి సెట్ చేసిన. చాకీ పురుగులకు అది కరెక్టే: 27 డిగ్రీల వేడి, 85-90 శాతం తేమ. పురుగు నీళ్లు తాగదు, ఆకులోని నీరే దానికి ఆధారం. ఆకు వాడితే పురుగు ఎదగదు.

కానీ ఐదో దశకు 70 శాతం చాలు. నేను సెట్టింగ్ మార్చలే. పైగా ముసురు, కిటికీలన్నీ మూసినం. పురుగులు గట్టిపడి సుద్దముక్కల్లా తెల్లబడ్డయి. సున్నపుకట్టు రోగం, అంటే బూజు జబ్బు. పంట మొత్తం పోయింది. మామ ఒక్క మాట అనలే. అదే ఎక్కువ బాధనిపించింది.

అందుకే గుర్తుపెట్టుకోండి. చిన్న పురుగుకు తేమ, పెద్ద పురుగుకు గాలి. పొర విడిచే టైంలో మేత ఆపి, సున్నం పొడి చల్లి, పడక ఆరనివ్వండి. ఎండాకాలం గోనెపట్టాలు తడిపి కట్టండి, ముసురు పడితే తీసేయండి.

మీ షెడ్డులో ఇప్పుడు తేమ ఎంతుంది? ఒక్కసారి చూసి కామెంట్ పెట్టండి. ఉంటా మరి!